ఎముకలో తగ్గిన కాల్షియం రక్తనాళంలో ఎందుకు పేరుకుంటుంది?

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ సంగతి: నాన్నగారికి 61 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది, ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. నడుము నొప్పికి ఎక్స్‌రే తీస్తే వెన్నెముక పలచబడిందని, దాని ముందున్న పెద్ద రక్తనాళం గోడకు కాల్షియం పట్టిందని రాశారు. రక్తపరీక్షలో కాల్షియం మాత్రం నార్మల్. ఎముకల డాక్టరుగారు కాల్షియం వాడమన్నారు. కిడ్నీ డాక్టరుగారు ఉన్న కాల్షియం మాత్ర కూడా ఆపేశారు. ఎవరి మాట వినాలి, ఒకే ఒంట్లో ఒకచోట కరువు, ఇంకోచోట వరద ఎలా వస్తాయి అని మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా డయాలసిస్ పేషెంట్లను చూస్తున్న కిడ్నీ డాక్టర్ని. ముందే జవాబు చెప్పేస్తాను: కాల్షియం విషయంలో కిడ్నీ డాక్టరుగారి మాట వినండి. ఎముకల డాక్టరుగారు చెప్పింది మామూలు మనిషికైతే సరైన సలహాయే. వయసు మీద పడి ఎముక అరగడం వేరు, కిడ్నీ చెడిపోయాక ఎముక పాడవడం వేరు. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం చాలాసార్లు పూర్తిగా వ్యతిరేకంగా ఉంటుంది.

"రక్తంలో కాల్షియం నార్మల్" అన్న మాట దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అందరినీ తప్పుదారి పట్టించేది అదే. పెద్దవాళ్ల ఒంట్లో ఇంచుమించు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లోనే. రక్తంలో ఉండేది చిటికెడు. కానీ గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి ఆ చిటికెడే ఆధారం కాబట్టి, ఎముకను కరిగించైనా సరే ఒళ్లు దాన్ని నిలబెడుతుంది. అందుకని రక్తంలో నార్మల్ ఉన్నంత మాత్రాన ఎముకలో సరిపడా ఉందనీ చెప్పలేం, రక్తనాళాల్లో పేరుకోవడం లేదనీ చెప్పలేం. 2013లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. పాల్గొన్నది ఎనిమిదిమందే, అందరూ కిడ్నీ జబ్బు మూడు, నాలుగు దశల్లో ఉన్నవాళ్లు. వాళ్లకు రోజుకు 1500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ రూపంలో ఇచ్చి, ఒంట్లోకి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని కొలిచారు. వెళ్లినదాంట్లో కొంత లోపలే ఉండిపోయింది. రక్తపరీక్షలో మాత్రం ఏ మార్పూ కనిపించలేదు. ఎనిమిదిమందితో చేసినదే అయినా నా ప్రాక్టీసును మార్చిన అధ్యయనాల్లో ఇదొకటి. లోపల ఉండిపోయిన ఆ కాల్షియం ఎక్కడో ఒకచోట చేరాలి కదా.

అసలు గొడవ మొదలయ్యేది ఫాస్ఫరస్‌తో. మనం తినే ప్రతి మాంసకృత్తుతోనూ అది లోపలికి వస్తుంది, మిగిలినది కిడ్నీ బయటికి పంపేస్తుంది. కిడ్నీ బలహీనపడుతున్న కొద్దీ ఆ పని కష్టమవుతుంది. అప్పుడు ఎముకలోని కణాలే ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి, ఉన్న కిడ్నీ చేతే ఇంకా గట్టిగా పని చేయిస్తాయి. క్రియాటినిన్ కొంచెమే పెరిగి, రిపోర్టులో ఫాస్ఫరస్ శుభ్రంగా నార్మల్ ఉన్న రోజుల్లోనే ఇది మొదలైపోతుంది. దీనివల్ల ఇంకో నష్టం ఉంది: ఆ హార్మోన్ విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చే కిడ్నీ ఎంజైమును అణచేస్తుంది. విటమిన్ డి తగ్గితే పేగు నుంచి కాల్షియం అందదు. కాల్షియం తగ్గబోతోందని మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు పసిగట్టి పీటీహెచ్ అనే తమ హార్మోన్‌ను పెంచుతాయి. పీటీహెచ్ వెళ్లి ఎముకను కరిగిస్తుంది. ఒకదాన్ని సరిచేయబోయి ఇంకోదాన్ని చెడగొట్టుకునే ఈ వరసను 1972లో నీల్ బ్రికర్ అనే కిడ్నీ నిపుణుడు స్పష్టంగా చెప్పాడు. అప్పటికి ఎఫ్‌జీఎఫ్ 23 పేరు కూడా ఎవరికీ తెలియదు, దాన్ని కనుక్కున్నది 2000లో.

మీ ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు ఎలుకల దగ్గర దొరికింది. 1997లో జపాన్ పరిశోధకులు ఒక జన్యువు దెబ్బతిన్న ఎలుకలను వర్ణించారు. అవి తొందరగా ముసలివైపోయేవి, ఎముకలు గుల్లబారేవి, రక్తనాళాలు గట్టిపడేవి, ఎక్కువ రోజులు బతికేవి కావు. గ్రీకు కథల్లో ఆయుష్షు దారాన్ని వడికే దేవత పేరు మీద ఆ జన్యువుకు క్లోథో అని పేరుపెట్టారు. క్లోథో ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యేది కిడ్నీలోనే. అది లేకపోతే ఎఫ్‌జీఎఫ్ 23 మాట కిడ్నీకి వినపడదు. కిడ్నీ జబ్బు ముదిరే కొద్దీ క్లోథో తగ్గిపోతుంది. అంటే ఆ ఎలుకలో జరిగినదానికి చాలా దగ్గరగా ఉన్నదే మీ నాన్నగారి ఒంట్లోనూ జరుగుతోంది. ఎముక గుల్లబారడం, రక్తనాళం గట్టిపడటం రెండు జబ్బులు కావు. ఒకే జబ్బు రెండు చోట్ల కనిపిస్తోంది. అందుకే 2006లో అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల బృందం కేడిగో ఈ రెంటినీ కలిపి సీకేడీ-ఎంబీడీ (కిడ్నీ జబ్బుతో వచ్చే ఖనిజ, ఎముక సమస్య) అని ఒకే పేరు పెట్టింది.

రక్తనాళం గోడలో జరిగేది నిజంగా వింత. పైపులో ఉప్పు పేరుకున్నట్టు కాల్షియం దానంతటదే అతుక్కుంటుందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఫాస్ఫరస్ ఎక్కువైనప్పుడు రక్తనాళం గోడలోని కండర కణాలు తమ స్వభావం మార్చుకుని ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. కండరం పని మానేసి ఎముక కట్టే పనిలో పడతాయి. ఇది ఎక్కువగా జరిగేది గోడ మధ్య పొరలో. కొలెస్ట్రాల్ వల్ల వచ్చే అడ్డు లోపలి పొరలో ఉంటుంది. షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్లలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. చేతి ఎక్స్‌రే తీస్తే వేళ్ల ఎముకల పక్కన రెండు సన్నటి తెల్లగీతలు సమాంతరంగా, రైలు పట్టాల్లా వెళ్తుంటాయి. మామూలుగా ఎక్స్‌రేలో రక్తనాళం కనిపించకూడదు.

గోడ గట్టిపడితే గుండె పంపిన రక్తానికి సాగి చోటివ్వదు. అందుకే పై బీపీ 170, కింది బీపీ 60 లాంటి అంకెలు వస్తాయి. గుండె ఆ గట్టి గొట్టంలోకి తోసి తోసి దాని గోడ మందమవుతుంది. డయాలసిస్ పేషెంట్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది గుండె జబ్బులే, అందులో ఈ గట్టిదనం వాటా చిన్నది కాదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి. కాలి వేలు నల్లబడుతోందని ఒకాయన వచ్చాడు, షుగర్, డయాలసిస్ రెండూ ఉన్నాయి. అంతకుముందు వేరేచోట చీలమండ దగ్గరా చేతి దగ్గరా బీపీ చూసి, ఆ నిష్పత్తి 1.5 వచ్చిందని, కాలికి రక్తం బ్రహ్మాండంగా వెళ్తోందని రాసిచ్చారు. నిజానికి ఆ రక్తనాళం ఎంత గట్టిగా ఉందంటే బీపీ పట్టీ దాన్ని నొక్కలేకపోయింది, అందుకే అంకె పెద్దదొచ్చింది. బొటనవేలి దగ్గర ప్రెషర్ చూస్తే చాలా తక్కువ. వేలు దక్కలేదు. మీ నాన్నగారి కాళ్ల పరీక్షలో ఎప్పుడైనా 1.4 దాటిన అంకె వస్తే సంతోషపడకండి, బొటనవేలి ప్రెషర్ చూడమని అడగండి.

ఇప్పుడు ఎముక సంగతి. కిడ్నీ జబ్బులో ఎముక పాడవడం ముఖ్యంగా రెండు రకాలు, ఈ తేడా తెలియకుండా మందు వేయడమే ప్రమాదం. మొదటిది పీటీహెచ్ బాగా పెరిగి ఎముక అతిగా కరగడం, అతిగా కట్టుకోవడం. పని జోరుగా జరుగుతుంది కానీ కట్టడం నాసిరకం. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: పీటీహెచ్ మరీ తక్కువై, ఎముకలో కరగడమూ లేదు, కట్టడమూ లేదు. నిద్రపోతున్న ఎముక అంటాను నేను. వయసు మళ్లినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, కాల్షియం మాత్రలూ విటమిన్ డి మాత్రలూ ఎక్కువ మింగినవాళ్లలో ఈ రెండోది తరచుగా చూస్తాం. నిద్రపోతున్న ఎముక కాల్షియంను తీసుకోలేదు. నోటితో వేసిన కాల్షియం ఎముక తలుపు కొట్టి, తెరవకపోయేసరికి రక్తనాళం గోడలో సర్దుకుంటుంది. మీ నాన్నగారికి కాల్షియం ఆపడానికి కారణం బహుశా ఇదే అయ్యుంటుంది, ఎక్స్‌రేలో రక్తనాళం కనిపించడం ఎలాగూ ఒక కారణమే. ఫాస్ఫరస్‌ను తగ్గించడానికి ఇచ్చే మాత్రల్లో కాల్షియం ఉన్నవాటిని పెద్దవాళ్లలో పరిమితంగానే వాడాలని 2017 నాటి కేడిగో సూచనల్లోనూ ఉంది.

ఏ రకమో కచ్చితంగా తేల్చేది ఎముక ముక్క తీసి చూసే బయాప్సీ ఒక్కటే. అది చాలాచోట్ల జరగదు, అందరికీ అవసరమూ లేదు. పీటీహెచ్, ఎముకలో పని ఎంత జరుగుతోందో చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కలిపి చూస్తే చాలావరకు అంచనా దొరుకుతుంది. రెండూ ఎక్కువుంటే మొదటి రకం, రెండూ తక్కువుంటే రెండోది. పీటీహెచ్ మామూలు మనుషులకు 65 లోపు ఉండాలని రిపోర్టులో రాస్తారు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఆ పై హద్దుకు రెండు నుంచి తొమ్మిది రెట్ల దాకా, అంటే సుమారు 130 నుంచి 600 వరకు ఉండటాన్ని ఒప్పుకుంటాం. రిపోర్టులో 300 పక్కన ఎర్ర గుర్తు చూసి టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ, 70 వచ్చిందని ఫోన్ చేసినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. నిజానికి నేను ఎక్కువ ఆలోచించేది ఆ 70 గురించి. ఇంకోమాట, పీటీహెచ్ ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి, కిట్టు మారితే అంకె మారుతుంది. ఒక్క అంకె కన్నా మూడు నాలుగు రిపోర్టులు వరసగా పెట్టి ఎటు పోతోందో చూడటం ముఖ్యం.

ఫాస్ఫరస్ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. రోజుకు 1000 మిల్లీగ్రాములు తిన్నారనుకుందాం, అందులో 600 ఒంటికి పడుతుంది. వారానికి 4200. ఒక్కో డయాలసిస్‌లో బయటికి పోయేది సుమారు 800 నుంచి 1000, మూడుసార్లకు ఎంత చేసినా 3000 దాటదు. మిగిలిన కనీసం పన్నెండు వందలూ ప్రతి వారం లోపలే. మాత్రలు రాసేది ఈ మిగులు కోసమే. ఇవి పేగులో ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంలో బయటికి లాగేస్తాయి, కాబట్టి భోజనంతోనే వేసుకోవాలి. ఎన్ని మాత్రలు పెంచినా ఒకామెకు ఫాస్ఫరస్ దిగక తలపట్టుకున్నాను. చివరికి ఆవిడ కోడలు చెప్పింది, రోజుకు రాసిన మూడింటినీ మర్చిపోకుండా రాత్రి పడుకునేముందు ఒకేసారి మింగుతోందట. క్రమశిక్షణలో లోపం లేదు, నేనే సరిగా చెప్పలేదు. సెవెలామర్ మాత్రను నమలకుండా మింగాలి. లాంథనం మాత్రను మాత్రం బాగా నమలాలి, మింగేస్తే పొట్ట ఎక్స్‌రేలో తెల్లటి ముక్కలుగా కనిపిస్తుంది.

తిండి విషయంలో ఒక పొరపాటు చేయకండి: ఫాస్ఫరస్ భయంతో మాంసకృత్తులు తగ్గించేయడం. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు అవి ఎక్కువే కావాలి. తగ్గించాల్సింది ప్యాకెట్ ఆహారం. నిల్వ కోసం, రుచి కోసం కలిపే ఫాస్ఫేట్ ఉప్పులు 90 శాతానికి పైగా ఒంటికి పడతాయి. మాంసం, పాలలోనిది దాదాపు సగం, పప్పుల్లోనిది అంతకన్నా తక్కువ పడుతుంది. ప్యాకెట్ మీద ఫాస్ఫరస్ ఎంతో రాయకపోయినా, పదార్థాల జాబితాలో ఫాస్ఫేట్ అన్న మాటో, 338 నుంచి 341, 450 నుంచి 452 నంబర్లో ఉంటే పక్కన పెట్టేయండి. ముదురు రంగు కోలా డ్రింకులూ ఇందులోకే వస్తాయి. గుడ్డు తెల్లసొనలో మాంసకృత్తు ఎక్కువ, ఫాస్ఫరస్ చాలా తక్కువ.

విటమిన్ డి పేరుతో రెండు రకాల మందులున్నాయి, తికమక పడకండి. కొలెకాల్సిఫెరాల్ అనేది ముడిసరుకు, లోపం ఉంటే ఇస్తాం. కాల్సిట్రియాల్ అనేది నేరుగా పనిచేసే రూపం, పీటీహెచ్‌ను తగ్గిస్తుంది, దాంతోపాటు పేగు నుంచి కాల్షియంనూ ఫాస్ఫరస్‌నూ లాగేస్తుంది. పాత చీటీ పట్టుకెళ్లి దీన్ని నెలల తరబడి కొనుక్కుని వాడేవాళ్లు ఉంటారు. రెండోది వాడుతుంటే రక్తపరీక్ష లేకుండా కొనసాగించకూడదు. పీటీహెచ్ బాగా పెరిగినవాళ్లకు సినకాల్సెట్ అనే మాత్ర ఉంది, వికారం పుట్టిస్తుంది, కాల్షియంను దించుతుంది. అదీ లొంగకపోతే ఆపరేషన్ చేసి గ్రంథులు తీసేస్తారు. ఆపరేషన్ అయిన రోజుల్లో ఆకలిగొన్న ఎముక రక్తంలోని కాల్షియంను ఒక్కసారిగా పీల్చేసుకుంటుంది, అప్పుడు మాత్రం కాల్షియం ధారాళంగా ఇవ్వాల్సిందే. చూశారా, అదే కాల్షియం ఒకరికి ప్రాణం, ఇంకొకరికి విషం.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఎముకల డాక్టరుగారు ఆరు నెలలకొక ఇంజక్షన్ అని డెనోసుమాబ్ ప్రస్తావన తెస్తే, కిడ్నీ డాక్టరుతో మాట్లాడకుండా వేయించకండి. ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో, ముఖ్యంగా డయాలసిస్‌లో, దానివల్ల కాల్షియం ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చని 2024 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన అత్యున్నత స్థాయి హెచ్చరిక చేర్చింది. ఏడాదికొకటి, వారానికొకటి ఇచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ మందులతో ఇబ్బంది వేరు, నిద్రపోతున్న ఎముకను అవి ఇంకా నిద్రపుచ్చుతాయి. ఇవి ఎప్పుడూ వాడకూడదని కాదు, ఏ రకం ఎముకో తేల్చుకోకుండా వాడకూడదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నారా? రక్తనాళంలో కాల్షియం పట్టకుండా కాపాడే ఒక ప్రొటీన్‌కు విటమిన్ కె కావాలి, వార్ఫరిన్ దాన్నే అడ్డుకుంటుంది. సొంతంగా ఆపకండి, గుండె డాక్టరుతో ప్రత్యామ్నాయం గురించి మాట్లాడండి. పొట్ట మీదో తొడ మీదో ముట్టుకుంటే విపరీతంగా నొప్పెట్టే ఊదారంగు మచ్చ, గట్టి గడ్డ వస్తే మాత్రం తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి. చర్మంలోని సన్న రక్తనాళాలు మూసుకుపోయే కాల్సిఫైలాక్సిస్ అనే జబ్బు అలాగే మొదలవుతుంది. అరుదైనదే, కానీ పుండు పడ్డాక చాలా కష్టం.

పట్టిన కాల్షియం వెనక్కి పోతుందా అని అడుగుతారు. పెద్దగా పోదు. పెరిగే వేగాన్ని తగ్గించగలం. రేపు కిడ్నీ మార్పిడి అనుకుంటే ఇది నేరుగా అడ్డొస్తుంది: కొత్త కిడ్నీని కుట్టేది పొత్తికడుపులోని రక్తనాళానికి, అది గుల్లలా గట్టిపడితే సర్జన్‌కు సూది దిగదు. అందుకే మార్పిడి ఆలోచన ఉంటే పొత్తికడుపు సీటీ ముందే తీయించడం మంచిది. మీ కిడ్నీ డాక్టరుగారు ఇప్పుడు కాల్షియం ఆపడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు, అడిగి చూడండి.

ఎముక విరగడమనేది మందుల కంటే ముందు పడిపోవడంతో ముడిపడి ఉంటుంది. డయాలసిస్ అయిన వెంటనే బీపీ పడి, కుర్చీలోంచి లేవగానే తూలడం మామూలు. కాసేపు కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాకే నడిపించండి. రాత్రి బాత్రూం దారిలో లైటు ఉంచండి.

తర్వాతి డయాలసిస్‌కు వెళ్లినప్పుడు మూడు సంగతులు తెలుసుకుని రాయండి. చివరి మూడు పీటీహెచ్‌లు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత అన్నది మొదటిది. కాల్షియంతో పాటు అదేరోజు చేసిన అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) ఎంత అన్నది రెండోది. అల్బుమిన్ 4 కన్నా ఎంత తక్కువుంటే అంతకు గ్రాముకు 0.8 చొప్పున కాల్షియంకు కలుపుకోవాలి, 8.6 అని రాసినది 2.8 అల్బుమిన్‌తో చూస్తే దాదాపు 9.6 అవుతుంది. మూడోది ఎవరూ అడగరు: డయాలసిస్ ద్రవంలో కాల్షియం ఎంత పెడుతున్నారు, 1.25ఆ, 1.5ఆ, 1.75ఆ? మాత్ర ఆపేసి ద్రవంలో 1.75 పెడితే కాల్షియం ఆ దారిలో లోపలికి వెళ్తూనే ఉంటుంది. మిషన్ పక్కనుండే ద్రవం డబ్బా మీద ఆ అంకె రాసి ఉంటుంది, టెక్నీషియన్‌ను అడిగితే చూపిస్తాడు.